బొంబాయి చలి, మా గ్యాలరీ సకినాలు

"అమ్మా, ఇక్కడ మైనస్ ముప్ఫై అట! బయటికి రావద్దన్నారు. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు కట్టింది" అని మా అమ్మాయి చికాగో నుంచి ఫోన్ చేసింది. అది 2019 జనవరి 30 నాటి మాట. నేనిక్కడ కల్యాణ్‌లో ఫ్యాను కింద కూర్చుని ఆ మాట వింటున్నాను. తల్లిని కదా, మొదట అడిగింది ఒకటే ప్రశ్న: "మరి ఏం తింటున్నావే?"

"అమ్మమ్మ పంపిన సకినాలు ఇంకా నాలుగున్నాయి. రోజుకొకటి లెక్కపెట్టుకుని తింటున్నా" అంది నవ్వుతూ.

దానికది నవ్వులాట. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. సకినాలను లెక్కపెట్టుకుని తిన్న చలికాలం ఒకటి మా ఇంట్లోనూ ఉంది. దానికి ఆ సంగతి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బొంబాయిలో చలికాలం కూడానా అని మన ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వులో తప్పేమీ లేదు. జనవరి తెల్లవారుజామున 16, 17 డిగ్రీలుంటే అదే మాకు చలి. నగరం లెక్కల్లో అతి తక్కువగా నమోదైంది 1962 జనవరి 22న, శాంతాక్రూజ్‌లో 7.4 డిగ్రీలు. నేనప్పటికి పుట్టలేదు. మా చాల్‌లో పెద్దవాళ్ళు మాత్రం "ఆ యేడు సలి" అని ఏదో శకం పేరు చెప్పినట్టు చెప్పుకునేవారు. గ్యాలరీలో పడుకునే మగవాళ్ళంతా ఆ రాత్రి గోనెసంచులు కప్పుకుని, ఒకరి వీపుకి ఒకరు వీపు ఆనించి పడుకున్నారట.

అసలు చలి అంటే ఏమిటో నేను మొదటిసారి చూసింది 1976లో. ఆ ఒక్క యేడు బాపుకి సెలవు దొరికి సంక్రాంతికి ఊరికి వెళ్ళాం. మాది జగిత్యాల దగ్గర పల్లె. మన్మాడ్‌లో బండి మారి, చిన్న పట్టాల మీద నడిచే బండెక్కి నిజామాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా బస్సు. బస్సు దిగేసరికి తెల్లవారుతోంది. నోట్లోంచి పొగ వస్తుంటే నాకేదో రోగం వచ్చిందని భయపడి ఏడ్చాను! పెద్దవ్వ నన్ను గొంగడిలో చుట్టి, కందికట్టెల మంట దగ్గర కూర్చోబెట్టింది.

ఆ పది రోజుల్లో ఏం తిన్నామో ఇప్పటికీ చెప్పగలను. లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి ఊదిన ఊసబియ్యం. ఉప్పేసి ఉడకబెట్టిన అనపకాయలు, కందికాయలు. చెట్టు దులిపితే రాలిన రేగుపళ్ళు. పొయ్యి మీద నుంచి తీసి నేరుగా చేతిలో పెట్టిన జొన్నరొట్టె, మీద వెల్లుల్లికారం. ఏదీ కొన్నది కాదు. వరికోతలై, నువ్వులు ఇంటికొచ్చి, కందిచేలు కాయపట్టే రోజులవి. చలి ముందు వచ్చేది, తిండి దాని వెనకాలే నడిచి వచ్చేది.

బొంబాయిలో ఇది తలకిందులు. ఇక్కడ చలి దానంతట అది రాదు. తిండి వస్తేనే చలికాలం వచ్చిందని తెలుస్తుంది.

మా కామాఠిపుర గురించి తెలియని వారి కోసం ఒక మాట. ఈ పేరు మన వాళ్ళ వల్లే వచ్చింది. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు నీటిని ఆపాక, ఆరిన పల్లపు నేలల్లో బస్తీలు లేచాయి. నిజాం రాజ్యపు పల్లెల నుంచి వచ్చి రాయి కొట్టి, మట్టి మోసి ఈ నగరాన్ని కట్టిన తెలుగు కూలీలను కామాఠీలన్నారు. వాళ్ళున్న చోటు కామాఠిపుర అయింది. ఆ తరువాత మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట పద్మశాలీలు వచ్చారు. పరేల్, వర్లీ, ప్రభాదేవి చాళ్ళు తెలుగు మాటలతో నిండాయి. బయటివాళ్ళకు మా పేటలోని ఒకటి రెండు గల్లీల సంగతే తెలుసు. ఏ పేట అంటే జవాబు చెప్పడానికి చిన్నప్పుడు నేనూ తడబడేదాన్ని. కానీ ఈ గల్లీల్లోనే గుళ్ళున్నాయి, మునిసిపాలిటీ తెలుగు బడి ఉండేది, తెల్లవారుజామున నల్లా దగ్గర బిందెల వరుస ఉండేది, డిసెంబరు నెలలో నువ్వులు వేగే వాసన ఉండేది.

ఆ వాసనే మాకు చలికాలం.

ఊరి నుంచి ఎవరో ఒకరు వచ్చేవారు. సంచిలో కొత్తబియ్యం, మూటలో నువ్వులు. అప్పటికే బజారు రంగు మారేది. నాగ్‌పాడా వైపు తోపుడుబళ్ళ మీద పచ్చిశనగల కట్టలు, ఉత్తరాది ఎర్ర గాజరగడ్డలు, బోరాలని ఇక్కడివాళ్ళు పిలిచే రేగుపళ్ళు. పరేల్ దగ్గర టిబెట్ వాళ్ళు స్వెట్టర్లు పరిచేవారు. మేం కొనకపోయినా వెళ్ళి చేత్తో తడిమి చూసి వచ్చేవాళ్ళం! మా ఊసబియ్యాన్నే మరాఠీవాళ్ళు హుర్డా అంటారని, గుజరాతీల ఉంధియూలో మన అనపగింజల చుట్టమే ఉందని తెలిసి అవ్వ ఆశ్చర్యపోయింది. భోగినాడు మాకు భోగిమంట. పక్క ఖోలీ మావశికి ఆ రోజు నువ్వులద్దిన సజ్జరొట్టె, అన్ని కాయగూరలూ కలిపిన కూర. మర్నాడు ఆవిడ నువ్వుండ చేతిలో పెట్టి "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటే, బదులుగా మేం సకినాల పళ్ళెం ఇచ్చేవాళ్ళం.

సకినాలు చేయడం ఒక్కరి పని కాదు. కిలో కొత్తబియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, తడిగా ఉండగానే పిండి పట్టించాలి. తడిబియ్యం రాళ్ళకు అంటుకుంటుందని గిర్నీవాడు పగలు ఒప్పుకునేవాడు కాదు. గోధుమలన్నీ అయ్యాక, రాత్రి పొద్దుపోయి మా వంతు. జల్లించిన పిండిలో పావుకిలో నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు వేసి, నీళ్ళు చిలకరిస్తూ కలపాలి. ముందు పిండితో చిన్న గౌరమ్మను చేసి దండం పెట్టి, ఆ తరువాత పరిచిన ధోవతి మీద వేళ్ళతో మెలితిప్పుతూ చుట్లు తిప్పాలి. బట్ట తడి పీల్చాక విరగకుండా ఎత్తి నూనెలో వేయాలి. బొంబాయి గాలిలో ఉప్పుతేమ ఎక్కువ. వానాకాలంలో చేస్తే చుట్టు ఆరదు, వేగినా రెండు రోజుల్లో మెత్తబడుతుంది. జనవరిలో ఉత్తరపు గాలి తిరిగి తేమ తగ్గినప్పుడే అవి కుదురుతాయి. అంటే మా బొంబాయి చలిని కనిపెట్టే యంత్రం అవ్వ పరిచిన ఆ ధోవతే!

పదడుగుల ఖోలీలో అంత బట్ట ఎక్కడ పరుస్తాం? అందుకే గ్యాలరీలో పరిచేవాళ్ళం. ఈ రోజు ఒక ఇంటివి, రేపు ఇంకో ఇంటివి. ఎవరివి వాళ్ళవే, చేతులు మాత్రం అందరివీ.

1982 సంక్రాంతి గురువారం వచ్చింది. ఆ యేడు అవ్వ ఐదు కిలోల సకినాలు చేసింది. బాపు మిల్లులో నేత ఖాతాలో పనిచేసేవాడు. శనివారం ఒక డబ్బా నిండా తన పాళీ వాళ్ళకు తీసుకెళ్ళాడు. సోమవారం, జనవరి 18న, దత్తా సామంత్ పిలుపుతో నగరంలోని రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. నెల తిరిగేలోగా తేలిపోతుందన్నారు అందరూ. అవ్వ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం సకినాల డబ్బాను కింద నుంచి తీసి, చేతికందని అటక మీద పెట్టింది.

మర్నాటి నుంచి పొద్దున చాయ్‌తో తలా ఒక సకినం. అంతే. నాకు పద్నాలుగేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. వాడు తన సకినాన్ని చుట్టు చుట్టుగా విప్పి, బయటి చుట్టు పొద్దున, లోపలి చుట్టు సాయంత్రం తినేవాడు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా. ఆ శివరాత్రికి డబ్బా అడుగున నూకే మిగిలింది. అవ్వ దాన్ని కూడా పారేయలేదు, పులుసులో వేసింది.

సమ్మె తేలలేదు. అవ్వ అప్పటికే బీడీలు చుట్టేది. నేనూ తునికాకు కత్తిరించడం నేర్చుకున్నాను. బాపు కొన్నాళ్ళు ఊరికి పోయి వచ్చాడు, ఆ తరువాత భివండీలో పవర్‌లూమ్ మీద పనికి కుదిరాడు. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. మా అంతస్తులో కొన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

1983 జనవరి వచ్చింది. "ఈ యేడు సకినాలు లేవు బిడ్డా, అడుగకు" అంది అవ్వ. నేను అడగలేదు. ఏ ఇంట్లోంచీ నువ్వులు వేగే వాసన రాలేదు. చలికాలం ఆ యేడు మా చాల్‌కి దారి తప్పిందనుకున్నాను.

భోగికి రెండు రోజుల ముందు, మూడో ఖోలీ వదిన మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. "అత్తా, మా ఇంట్ల రెండు సేర్ల బియ్యమున్నయ్, నువ్వులు లేవు. నీ దగ్గర ఉన్నయా?" అని అడిగింది. అవ్వ దగ్గర నువ్వులున్నాయి, బియ్యం రేషన్‌వే. కాసేపు ఇద్దరూ ఏమీ అనలేదు. ఆ తరువాత అవ్వ లేచి నువ్వుల మూట తీసింది. గంటలో గ్యాలరీ అంతా తెలిసిపోయింది. ఒకరు నూనె తెచ్చారు, ఒకరు వాము, ఇంకొకరు కిరసనాయిలు పోసిన స్టవ్వు. మావశి కొడుకు కూడా మిల్లువాడే. ఆవిడ ఒక బెల్లం ముక్క తెచ్చి, "పిల్లల నోరు తీపి చేయండి" అని మరాఠీలో అని వెళ్ళింది. అందరి బియ్యం ఒకే గిన్నెలో నానింది. ఎవరు ఎంత వేశారో లెక్క రాయలేదు. చేసినవి మాత్రం లెక్కపెట్టి, ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని చొప్పున పంచారు. ఒక్కొక్కరికి నాలుగేసి వచ్చాయి.

అంతకు ముందెన్నడూ అంత తక్కువ సకినాలు తిని ఎరగను. అంత చలిగా లేని రాత్రి కూడా ఎరగను.

ఆ తరువాత రోజులు మారాయి. చాలా మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. వాటి స్థలాల్లో మాల్స్, పెద్ద పెద్ద భవనాలు లేచాయి. మా గల్లీ కుర్రాళ్ళు దుబాయ్, మస్కట్ వెళ్ళారు, వాళ్ళ పెట్టెల్లో బట్టల మధ్య సకినాలు వెళ్ళాయి. బాపు పోయాడు. నేను పెళ్ళయి కల్యాణ్ వచ్చాను. తమ్ముడూ అవ్వా ఇంకా ఆ ఖోలీలోనే ఉన్నారు. ప్రతి జనవరిలో ఆ అంతస్తు వాళ్ళు ఇప్పటికీ ఒకే గిన్నెలో బియ్యం నానబోస్తారు, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా. నేను రెండు కిలోల నువ్వులు పట్టుకుని వెళ్తాను.

ఇప్పుడు కామాఠిపుర పాత చాళ్ళను తీసేసి కొత్త భవనాలు కట్టే పథకం మ్హాడా ద్వారా నడుస్తోంది. నేను వద్దనను. ఎనభై దాటిన అవ్వ రోజూ మూడంతస్తులు ఎక్కి దిగడం, సండాస్ కోసం వరుసలో నిలబడడం చూసినవాళ్ళెవరూ వద్దనలేరు. ఆవిడా "లిఫ్టు వస్తే సాలు" అంటుంది. కానీ మొన్నొక రోజు బీరువా సర్దుతూ ఆ పాత ధోవతిని మడతపెడుతూ అడిగింది: "కొత్త ఇండ్లల్ల గ్యాలరీ ఉంటదా? తలుపులు మూసుకుంటే ఇది యేడ పరుస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటి కొలత ఎన్ని చదరపుటడుగులు అని అందరూ అడుగుతున్నారు. అవ్వ అడిగింది ఆ కొలతలోకి రాని జాగా గురించి. మన సంఘాలవాళ్ళు, పెద్దలు ఆ పథకం గురించి మాట్లాడేటప్పుడు ఈ ముసలావిడ ప్రశ్న కూడా ఒకసారి వినిపిస్తే బాగుండును. మేడ మీదో, మెట్ల దగ్గరో పది మంది ఆడవాళ్ళు కూర్చుని ఒక బట్ట పరుచుకునేంత చోటు చాలు.

అన్నట్టు, మా అమ్మాయి సంగతి చెప్పనేలేదు. మరుసటి యేడు అది తనే సకినాలు చేయబోయింది. దుకాణంలో దొరికే పొడిపిండితో చేస్తే చుట్టు తిప్పుతుంటేనే తెగిపోయింది. "పొడిపిండి పనికిరాదు, బియ్యం నానబెట్టి మిక్సీల పట్టు, జల్లించు" అంది అవ్వ ఫోన్‌లో. అదీ చేసింది. ఈసారి బట్ట మీద ఆరీ ఆరకముందే బీటలు! ఇంట్లో హీటరు గాలి మరీ పొడి కదా. బొంబాయిలో తేమతో మా తంటా, అక్కడ తేమ లేక దాని తంటా. "తడిగుడ్డ కప్పు, కొన్ని కొన్నే చెయ్" అని అవ్వ మళ్ళీ చెప్పింది.

"ఒక్కదానికి చేతకావట్లేదమ్మమ్మా" అంది అది.

"ఒక్కదానివి ఎందుకు చేసినవ్? పక్కింటోళ్ళను పిలువు" అంది అవ్వ.

పిలిచిందట. ఇద్దరు తెలుగువాళ్ళు, ఒక మరాఠీ అమ్మాయి. ఫొటో పంపింది. నేల మీద దుప్పటి, దాని మీద వంకరటింకర సకినాలు, కిటికీ అవతల మోకాలి లోతు మంచు. అవ్వ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చుట్లు మంచిగ లేవు" అంది. "జాగా మాత్రం మంచిగుంది."