మెరుపు చూసి మురిసిపోవద్దు.. పాత స్పోర్ట్స్ కారు కొనేముందు గతం తెలుసుకోండి

షోరూంలో అందని వేగవంతమైన కారు, నాలుగైదేళ్లు గడిచేసరికి మధ్యతరగతి యువకునికి అందే ధరకు దిగివస్తుంది. ఆశ పుట్టేది అక్కడే, చిక్కులు మొదలయ్యేదీ అక్కడే. కాలం గడిచేకొద్దీ కారు ధర తగ్గుతుంది గానీ, దాని టైర్లు, బ్రేకులు, గేరుబాక్సు విడిభాగాల ధరలు తగ్గవు. 36 లక్షల కారును సగం ధరకే కొన్నప్పటికీ, మరమ్మతు మాత్రం 36 లక్షల కారుకు తగ్గట్టే ఉంటుంది.

ఉదాహరణకు స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌ను తీసుకుందాం. 2017లో 230 హార్స్‌పవర్ ఇంజినుతో మన దేశానికి వచ్చిన ఈ కారు, 2020లో 245 హార్స్‌పవర్‌తో మరోసారి వచ్చింది. రెండోసారి దేశం మొత్తానికి కేటాయించినవి 200 కార్లే. షోరూం ధర సుమారు 36 లక్షల రూపాయలు. చూడటానికి కుటుంబ కారులాగే ఉన్నా, ఏడు సెకన్ల లోపే వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. ఇటువంటి కారును కొనదలచినవారు ఈ కింది అంశాలను తప్పక పరిశీలించాలి.

ఇంజిను చల్లగా ఉన్నప్పుడే..

కారు చూడటానికి ఉదయం వేళ వెళ్లడం మంచిది. తాము వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని అమ్మకందారుకు ముందుగానే చెప్పాలి. వెళ్లగానే బానెట్‌పై చేయి వేసి చూడాలి. అప్పటికే వేడిగా ఉంటే, చల్లటి ఇంజిను చేసే శబ్దాన్ని దాచేందుకు ప్రయత్నించారేమోనని అనుమానించాలి. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తే ఇంజిను ఆయిల్ మండుతున్నట్లు లెక్క. ఇంజిను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతున్నదని అనుమానించాలి. టర్బో అత్యంత వేగంగా, తీవ్రమైన వేడిలో తిరిగే భాగం. ఆయిల్ మార్చడంలో అశ్రద్ధ చేస్తే ముందుగా దెబ్బతినేవాటిలో అదీ ఒకటి. అందువల్ల సర్వీసు బిల్లులన్నింటినీ తేదీలవారీగా అడిగి చూడాలి. ఆక్టేవియా ఆర్ఎస్ 230లోని ఆరు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సుకు 60 వేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చాలి. ఆ బిల్లు లేకపోయినా, నెమ్మదిగా కదిలేటప్పుడు కారు కుదుపులిచ్చినా జాగ్రత్త పడాలి.

శక్తి పెంచిన కార్లతో చిక్కు

ఇంజినును నియంత్రించే కంప్యూటర్‌లో మార్పులు చేసి హార్స్‌పవర్‌ను పెంచుకునే యజమానులున్నారు. దీనివల్ల టర్బోపైనా, క్లచ్‌పైనా భారం పెరుగుతుంది. డాష్‌బోర్డు కింద స్కానర్ అమర్చి లోపాల కోడ్‌లను చదివించాలి. పాత కోడ్‌లను అంతకుముందే చెరిపివేసి ఉంటే, కారు జరుపుకునే స్వయం తనిఖీలు అసంపూర్తిగా ఉన్నట్లు స్కానర్‌లో కనిపిస్తుంది. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు సైతం దీనిని స్పష్టం చేసింది. మార్పులను దాచిన కారుకు ప్రమాదం జరిగితే బీమా పరిహారం అందడంలో ఇబ్బందులు తలెత్తవచ్చు.

వరదలో మునిగినదేమో చూడండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ ఎన్నో కార్లు నీట మునిగాయి. మరమ్మతుకు పనికిరావని బీమా సంస్థలు తేల్చిన వాహనాలు వేలానికి వెళతాయి. వాటిలో కొన్ని హంగులద్దుకుని తిరిగి విపణిలోకి వచ్చే అవకాశం ఉంది. సీటు బెల్టును చివరివరకూ లాగితే నీటి మరక బయటపడుతుంది. కార్పెట్ కింద, స్టెప్నీ గుంతలో ఒండ్రు మట్టి, సీటు పట్టాలపై తుప్పు, హెడ్‌లైట్ల లోపల చెమ్మ కనిపిస్తే ఆ కారు జోలికి పోకపోవడమే మేలు. వైరింగ్‌లోకి చేరిన నీటి ప్రభావం నెలల తరువాత కూడా బయటపడవచ్చు.

కాగితాలు, టైర్లు

ఛాసిస్, ఇంజిను నంబర్లను ఆర్‌సీతో సరిపోల్చుకోవాలి. అప్పు తీరినట్లు ఫైనాన్స్ సంస్థ సంతకం చేసిన ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 ఉండాలి. ఇతర రాష్ట్రాల కారైతే ఎన్‌వోసీ కోసం ఫారం 28 కావాలి. పైగా ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ చెల్లించవలసి ఉంటుంది. ఆ మొత్తాన్ని రవాణా కార్యాలయంలో ముందే తెలుసుకుని బేరంలో కలుపుకోవాలి. పెండింగ్ చలానాలను ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. కొన్న 14 రోజులలోగా బీమాను, 30 రోజులలోగా రిజిస్ట్రేషన్‌ను తమ పేరిట మార్చుకునేందుకు దరఖాస్తు చేయాలి.

టైరుపై ఉండే చివరి నాలుగు అంకెలు దాని వయసును చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అరుగుదల లేకున్నా ఏళ్లు గడిచిన టైరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. మండువేసవిలో జాతీయ రహదారిపై అధిక వేగంతో వెళుతున్నప్పుడు అది పేలితే పోయేది డబ్బు మాత్రమే కాదు.

చివరగా, ఆ కారు గురించి తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి, లిఫ్ట్‌పై ఎక్కించి కిందిభాగాన్ని చూపించాలి. అందుకు అమ్మకందారు అంగీకరించకపోతే బేరాన్ని అక్కడితో ముగించాలి. చేతిలో ఉన్న మొత్తాన్నంతా కారుకే పెట్టక, మొదటి ఏడాది మరమ్మతులకు కొంత విడిగా ఉంచుకోవాలి. అనుమానం కలిగిన చోట అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగి రావడం నామోషీ కాదు. అప్పు చేసి కొన్న కారు షెడ్డులో నిలిచిపోయినా, నెలనెలా వాయిదా కట్టక తప్పదు.