ఆటగాళ్ల ఎంపిక: మంచిచెడ్డలను తేల్చుట ఎట్లు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో చెడుగుడు తెలియనివారు అరుదు. కోతలైన పొలములో నాలుగు గీతలు గీసి, కూతపట్టి ఆడే ఆ ఆటే నేడు కబడ్డీ అను పేరుతో మెత్తని చాపలపైకి ఎక్కినది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ ప్రారంభమైనపుడు అందులో చేరిన 8 జట్లలో తెలుగు టైటాన్స్ ఒకటి. ఆ ఏడు విశాఖపట్టణము దాని సొంత వేదిక. అందుచేత ఉత్తర కోస్తా అభిమానులకు అది మన జట్టే.

ఈ లీగ్‌లో ఆటగాళ్లను వేలము ద్వారా తీసుకొంటారు. వేలము ముగిసిన మరునాడు టీకొట్టు బల్లల దగ్గర, పాఠశాల వరండాలలో ఒకటే చర్చ. "మనవాళ్లు ఈసారి మంచి ఆటగాణ్ణే పట్టారు" అని ఒకరంటే, "డబ్బంతా ఒక్కడి మీదనే పోశారు, ఇక మిగతా ఆరుగురి సంగతి?" అని మరొకరు అంటారు. ఆటలు ముగిసిన తరువాత చర్చ మరల మొదలవుతుంది. అయితే అప్పుడు అందరూ ఒకే కొలబద్ద వాడుతారు: జట్టు గెలిస్తే ఎంపిక మంచిది, ఓడితే చెడ్డది.

ఈ కొలబద్ద సరియైనదేనా? గణితశాస్త్రము, ముఖ్యముగా సంభావ్యతా సిద్ధాంతము, ఈ ప్రశ్నకు చెప్పే సమాధానము ఆలోచింపదగినది.

ఒకే ఆటగాడు, రెండు ఫలితములు

2022లో పవన్ సెహ్రావత్ అను పేరుగల ఆటగాణ్ణి తమిళ్ తలైవాస్ జట్టు 2 కోట్ల 26 లక్షల రూపాయలకు తీసుకొన్నది. మొదటి మ్యాచ్‌లోనే అతనికి మోకాలి గాయమైనది. ఆ ఏడు అతడు మరల ఆడలేదు. అయినను ఆ జట్టు సెమీఫైనల్స్‌కు చేరినది.

మరుసటి సంవత్సరము, 2023 అక్టోబరులో జరిగిన వేలములో తెలుగు టైటాన్స్ అతనిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకొన్నది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే అత్యధిక ధర. ఈసారి అతడు బాగుగనే ఆడినాడు. కూతకు వెళ్లి తెచ్చిన పాయింట్లే 200 దాటినవి. కాని జట్టు 22 మ్యాచ్‌లలో 2 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచినది.

ఫలితము ఒక్కటే కొలబద్దయైతే విచిత్రమైన తీర్పు వస్తుంది. ఆటగాడు ఆడని చోట ఎంపిక మంచిదనీ, చక్కగా ఆడిన చోట చెడ్డదనీ చెప్పవలసి వస్తుంది. గాయమును వేలమునాడు ఎవరూ చూడలేరు. అట్లే, బరిలో ఉండేది ఏడుగురు. కూత ఎంత బలమైనదైనా పట్టు పట్టేవారు బలహీనులైతే తెచ్చిన పాయింట్లు వెంటవెంటనే పోతాయి. కనుక ఆటగాణ్ణి ఎన్నుకొనుట ఒక ప్రశ్న, జట్టును కూర్చుట మరొక ప్రశ్న. పై ఉదాహరణలో విచారింపవలసినది రెండవ ప్రశ్ననే.

పది కూతల పరీక్ష

ఎంపికలో పొరపాటు ఎంత సులభముగా జరుగుతుందో ఒక చిన్న లెక్క వలన గ్రహింపవచ్చును. ఒక పాఠశాలలో రాము, సోము అను ఇద్దరు కూతగాళ్లు ఉన్నారనుకొందాము. దీర్ఘకాలము మీద చూస్తే రాము 100 కూతలలో 50 సార్లు పాయింటు తెస్తాడు. సోము 40 సార్లు తెస్తాడు. రామే మేలైన ఆటగాడు. కాని ఈ సంగతి ఉపాధ్యాయునికి ముందుగా తెలియదు. ఆయన ఒక సాయంకాలము ఇద్దరిచేత పదేసి కూతలు వేయించి, ఎక్కువ పాయింట్లు తెచ్చినవానిని తీసుకొంటాడు.

ద్విపద విభాజనము ప్రకారము లెక్కిస్తే ఫలితము ఇట్లు ఉంటుంది. ఇట్టి పరీక్షలు 100 జరిగితే రాము సుమారు 59 సార్లు పైచేయి అవుతాడు. సుమారు 16 సార్లు ఇద్దరూ సమానులవుతారు. మిగిలిన 25 సార్లు సోమే ముందుంటాడు. అనగా నాలుగింట ఒకసారి, ఉపాధ్యాయుడు ఏ పక్షపాతమూ లేకుండా, కళ్లార చూచి కూడ, తక్కువ ఆటగాణ్ణే ఎన్నుకొంటాడు.

ఒక్కొక్కరి కూతలు పదికి బదులు 100 లెక్కపెడితే? అప్పుడు సోము ముందుండే అవకాశము 100కి 7కు తగ్గుతుంది. ఆటగాళ్లు మారలేదు, చూచేవాడు మారలేదు. పరిశీలనల సంఖ్య పెరిగినది, అంతే. చిన్న నమూనాలో యాదృచ్ఛికత పాలు ఎక్కువ, పెద్ద నమూనాలో అది తగ్గుతుంది.

ఎంతటి నిపుణులకైనా ఈ చిక్కు తప్పదు. చేతితో బంతిని పట్టుకొని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, కళాశాలలనుండి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు వంతుల ప్రకారము ఎన్నుకొంటాయి. ఈ పద్ధతి 1936లో మొదలైనది. ఆ ఏడు అందరికంటె ముందుగా ఎంపికైన జే బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడ ఆడలేదు. 2000లో 199వ వంతున ఎంపికైన టామ్ బ్రేడీ తరువాత 7 సార్లు విజేత జట్టులో ఉన్నాడు. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను పరిశోధకులు ఇట్టి ఎంపికలను అనేక సంవత్సరములకు పరిశీలించి 2013లో ఒక వ్యాసము ప్రకటించారు. ఒకే స్థానములో ఆడే ఇద్దరు ఒకరి తరువాత ఒకరు ఎంపికైనపుడు, ముందువాడు రెండవవానికంటె ఎక్కువ మ్యాచ్‌లలో మొదటినుండి బరిలోకి దిగినది 100కి సుమారు 52 సార్లు మాత్రమే. నాణెము ఎగురవేసినా 50 సార్లు సరిపోతుంది గదా!

విజేత శాపము

వేలములో మరొక చిక్కు ఉన్నది. ఒక ఆటగాని నిజమైన విలువ 100 లక్షల రూపాయలనుకొందాము. ఆరు జట్లు వేరువేరుగ అంచనా వేస్తే 70, 85, 95, 105, 115, 130 లక్షలు వచ్చినవి. వీటి సగటు సరిగా 100. అంచనాలలో మొత్తముమీద దోషము లేదన్నమాట. కాని వేలము సగటు దగ్గర ఆగదు. పాట 115 దాటగానే ఐదవ జట్టు తప్పుకొంటుంది. ఆటగాడు ఆరవ జట్టు పరమవుతాడు. చెల్లించినది విలువకంటె 15 లక్షలు ఎక్కువ. అందరికంటె ఎక్కువ ఆశపడినవాడే వేలములో గెలుస్తాడు. కనుక గెలుపులోనే నష్టము దాగి ఉంటుంది. చమురు భూముల వేలములను పరిశీలించిన ముగ్గురు అమెరికన్ ఇంజనీర్లు 1971లో ఈ సంగతిని వివరించారు. దీనికి "విజేత శాపము" అని పేరు.

తరగతిలో దీనిని చూపుట సులభము. ఒక సీసాలో చింతపిక్కలు పోసి, ఎన్ని ఉన్నవో ప్రతి విద్యార్థిని చీటిమీద వ్రాయమనవలెను. తరువాత అన్ని చీటీల సగటును, అన్నిటికంటె పెద్ద అంచనాను, అసలు లెక్కను నల్లబల్లమీద వ్రాసి పోల్చవలెను. పెద్ద అంచనా అసలు లెక్కను ఎంత దాటినదో విద్యార్థులే గమనిస్తారు.

దీనితోపాటు గుర్తుంచుకొనవలసినది, 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ మనుష్యుల ఎత్తులను పరిశీలించి వెల్లడించిన సగటువైపు మరలుట అను ధర్మము. ఒక ఏడు అసాధారణముగా రాణించినవారిలో నేర్పుతోపాటు అదృష్టము పాలు కూడ ఉంటుంది. మరుసటి ఏడు నేర్పు నిలుస్తుంది, అదృష్టము నిలవకపోవచ్చును. అందుచేత అట్టివారి ఆట సగటున కొంత తగ్గుతుంది. అభిమానులు దీనినే గర్వమనీ, సోమరితనమనీ నిందిస్తారు. అయితే ఈ ధర్మము సమూహమునకే గాని ప్రతి వ్యక్తికీ వర్తించదు. 2018లో కూతల పాయింట్లలో 200 దాటిన సిద్ధార్థ దేశాయిని తెలుగు టైటాన్స్ 2019లో 1 కోటి 45 లక్షలకు తీసుకొనగా, అతడు ఆ ఏడు కూడ 200 దాటినాడు.

ఎంపికనాడు తెలిసినదేమి?

మరి ఎంపికను తూచుట ఎట్లు? ఎంపిక జరిగిన నాటికి ఏమి తెలుసు, దానిని సరిగా ఉపయోగించారా అని అడుగవలెను. ఇందుకు ఈ ప్రాంతపు చరిత్రలోనే రెండు ఉదాహరణలు ఉన్నవి.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట కరణం మల్లీశ్వరి స్వగ్రామము. 2000లో ఆమెను సిడ్నీ ఒలింపిక్స్‌కు ఎంపిక చేసినపుడు, ఆమె మంచి దశ దాటిపోయినదని విమర్శ వచ్చినది. సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల విభాగములో 110, 130 కిలోల చొప్పున మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. విమర్శకులు మౌనము వహించారు. కాని ఆ 130 కిలోల బరువు ఆ క్షణమున చేజారి ఉంటే ఎంపిక తప్పు అయ్యేదా? కాదు. 1994లోను, 1995లోను ప్రపంచ విజేత, 1998 ఆసియా క్రీడలలో రజతపతక విజేత అను సంగతి పతకమునకు ముందే అందరికీ తెలిసినది. ఎంపికకు ఆధారము ఆ దీర్ఘ చరిత్రయే. పతకము దానికి తోడు వచ్చిన ఫలితము.

రెండవది దీనికి వ్యతిరేకము. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు విజయనగర రాజవంశీయుడు మహారాజకుమార్ నాయకుడైనాడు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు 33. అయితే ఆ ఎంపిక తప్పు అనుటకు ఈ లెక్క కొరకు ఆగనక్కరలేదు. నాయకత్వము ఆటలోని నేర్పునుబట్టి గాక హోదానుబట్టి, పలుకుబడినిబట్టి లభించినది. ఆధారమే సరిగా లేనిచోట ఫలితము ఒకవేళ బాగున్నా ఎంపిక మంచిది కాజాలదు.

పాఠశాలలో ఏమి చేయవచ్చును?

ఈ చర్చ లీగ్‌లకే పరిమితము కాదు. ప్రతి ఏడు పాఠశాల జట్టులోకి కొందరు వస్తారు, కొందరు మిగిలిపోతారు. ఒక్క సాయంకాలపు పరీక్షలో వెనుకబడిన పిల్లవాడు ఆ ఆటనే మానివేయవచ్చును. కోట్లు పోసి పొరపాటు చేసిన జట్టు మరుసటి ఏడు దిద్దుకొంటుంది. 2023లో ఎంపికైన ఆటగాళ్లతో రెండే గెలిచిన టైటాన్స్ 2024లో 22 మ్యాచ్‌లలో 12 గెలిచినది. పదమూడేళ్ల పిల్లవానికి అట్టి మరొక వేలము ఉండదు.

అందుచేత ఒక నోటుపుస్తకము చాలును. జూన్ నుండి ప్రతి ఆటలో ప్రతి పిల్లవాడు వేసిన కూతలు, తెచ్చిన పాయింట్లు, పట్టులలో విజయములు వ్రాసి ఉంచవలెను. ఈ లెక్క విద్యార్థులే వ్రాయవచ్చును. శాతములు, సగటులు వారికి గణితపాఠముగా కూడ పనికివస్తాయి. ఎంపికనాడు, ఎవరిని ఎందుకు తీసుకొన్నదీ ఒక్కొక్క వాక్యములో వ్రాసి భద్రపరచవలెను. ఏడాది చివర ఆ వాక్యములను తీసి చూస్తే, ఏ తీర్పు సరియైనదో, ఏది అదృష్టమో వేరు చేయవచ్చును. ముందు వ్రాసి ఉంచనివారికి, జరిగినదంతా తమకు ముందే తెలుసుననిపిస్తుంది.

నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ గ్రామము బరువులెత్తు క్రీడకు ప్రసిద్ధి. 2014 కామన్‌వెల్త్ క్రీడలలో పతకము పొందిన మత్స సంతోషి అక్కడివారే. అట్టి ఊళ్లలో పిల్లలు ఒక్కనాటి పరీక్షకు గాక ఏళ్ల తరబడి సాగే సాధనకు అలవాటుపడతారు. వారిని చూచే కళ్లు కూడ ప్రతిదినము చూస్తాయి. పదింటికి బదులు నూరు పరిశీలనలు అనగా ఇదే.