పార్కుకు తాళం, సినిమా హాలుకు సగం సీట్లు: జంషెడ్‌పూర్ ఆంక్షల్లో సైన్స్ ఎంత?

2022 జనవరి 3, సోమవారం. ఒమిక్రాన్ వేరియంట్ కారణంగా దేశమంతటా కొవిడ్ కేసులు మళ్లీ పెరుగుతున్న రోజులు. ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ అధ్యక్షతన సమావేశమైన జార్ఖండ్ యంత్రాంగం ఆ రోజు కొత్త ఆంక్షలు ప్రకటించింది. పార్కులు, జూలు, పర్యాటక ప్రదేశాలు, స్టేడియాలు, ఈత కొలనులు, జిమ్‌లు జనవరి 15 వరకు మూసివేయాలి. విద్యాసంస్థల్లో తరగతులు ఆపాలి. సినిమా హాళ్లు, రెస్టారెంట్లు, షాపింగ్ మాళ్లు మాత్రం సగం సామర్థ్యంతో నడవవచ్చు. ఆ తర్వాత ఈ గడువును నెలాఖరు వరకు పొడిగించారు.

ఉక్కునగరం జంషెడ్‌పూర్‌లో ఈ ఆదేశం ప్రభావం నేరుగా జూబ్లీ పార్కుపై పడింది. టాటా స్టీల్ కంపెనీకి 50 ఏళ్లు నిండిన సందర్భంగా నగరవాసులకు కానుకగా ఇచ్చిన ఈ ఉద్యానాన్ని 1958లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. మైసూరులోని బృందావన్ గార్డెన్స్ స్ఫూర్తితో దీన్ని తీర్చిదిద్దారు. టాటా స్టీల్ జూ కూడా ఇక్కడే ఉంది. నిక్కో జూబ్లీ అమ్యూజ్‌మెంట్ పార్కు ఈ పరిసరాల్లోనిదే. కదమా, బిష్టుపూర్ వంటి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా నగరంలో చాలామందికి సాయంత్రపు నడక అన్నా, పిల్లలతో సెలవురోజు అన్నా ముందు గుర్తొచ్చే చోటు ఇదే.

ఒకే ఆదేశంతో ఉద్యానం, జూ, అమ్యూజ్‌మెంట్ పార్కు మూడూ మూతపడ్డాయి. అదే నగరంలో తలుపులు మూసిన ఏసీ రెస్టారెంట్‌లో సగం కుర్చీల్లో కూర్చుని, మాస్కు తీసి భోంచేయడానికి మాత్రం అనుమతి ఉంది. వైరస్ ఎలా వ్యాపిస్తుందో తెలిసిన తర్వాత కూడా ఆంక్షల వరుస ఇలాగే ఉండాలా? రాబోయే మహమ్మారుల కోసమైనా ఈ ప్రశ్నకు జవాబు వెతకడం అవసరం.

గాలిలో ప్రయాణం

కొవిడ్ తొలి నెలల్లో జాగ్రత్తలన్నీ చేతుల చుట్టూ, వస్తువుల చుట్టూ తిరిగాయి. కూరగాయలు కడిగారు, తలుపు గడియలు తుడిచారు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్లలోనే నేలరాలతాయి కాబట్టి ఆ మాత్రం దూరం చాలనుకున్నారు. అయితే మాట్లాడినా, ఊపిరి వదిలినా అంతకంటే ఎంతో సూక్ష్మమైన తుంపరలు కూడా బయటికొస్తాయి. వీటిని ఏరోసాల్స్ అంటారు. ఇవి వెంటనే కింద పడవు, గాలిలో తేలుతూ ఉండిపోతాయి.

వీటి పాత్రను గుర్తించాలని కోరుతూ లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన లేఖకు 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికారు. 2021 మే 20న భారత ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం విడుదల చేసిన సూచనలు కూడా ఇదే చెప్పాయి. పెద్ద తుంపరలు 2 మీటర్ల లోపు పడిపోతాయని, ఏరోసాల్స్ 10 మీటర్ల వరకు వెళ్లగలవని అందులో వివరించారు. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వాడాలని సూచించారు.

అగరుబత్తి పొగను గమనిస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. చిన్న గదిలో తలుపు వేసి ఒక బత్తి వెలిగిస్తే కాసేపట్లో గదంతా పొగ పడుతుంది. అదే బత్తిని పెరట్లో వెలిగిస్తే నాలుగడుగుల దూరంలో వాసన కూడా సరిగా తెలియదు. సోకే ప్రమాదం రెండింటిపై ఆధారపడుతుంది. పీల్చే గాలిలో వైరస్ ఎంత ఉంది, ఆ గాలిని ఎంతసేపు పీల్చాం? ఆరుబయట గాలి వైరస్‌ను చెదరగొట్టి పలుచన చేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడా దాన్ని త్వరగా నిర్వీర్యం చేస్తాయి. మూసిన గదిలో ఈ రెండూ ఉండవు.

అధ్యయనాలు ఏం చెప్పాయి?

2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒక రెస్టారెంట్‌లో పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలు భోంచేశాయి. వారిలో ఒకరికి అప్పటికే వైరస్ సోకి ఉంది. చివరికి మొత్తం 10 మంది జబ్బుపడ్డారు. బయటి గాలి దాదాపు రాని ఆ హాల్లో ఏసీ అదే గాలిని ఆ మూడు బల్లల మధ్య తిప్పుతూ ఉందని తర్వాత జరిపిన పరిశోధనల్లో తేలింది.

చైనాలో తొలి వారాల్లో వివరాలు దొరికిన 7,324 కేసులను మరో బృందం పరిశీలించింది. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మందికి ఒకేచోట సోకిన సందర్భాలు 318 కనిపించాయి. అవన్నీ ఇళ్లు, వాహనాలు, హోటళ్ల వంటి మూసిన చోట్లలో జరిగినవే. ఆరుబయట సోకినట్టు తేలినది ఒకే ఒక్క సంఘటన, అందులో ఇద్దరే ఉన్నారు. వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించి ‘జర్నల్ ఆఫ్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్’లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, నమోదైన కేసుల్లో ఆరుబయట సోకినవి 10 శాతం లోపే.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ సంస్థల శాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లో, కొవిడ్ రోగులున్న గదుల్లో గాలి నమూనాలు సేకరించి పరీక్షించారు. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది రోగులున్న గదుల్లో 75 శాతం నమూనాల్లో వైరస్ ఆనవాళ్లు దొరికాయి. ఒకే రోగి ఉన్నప్పుడు, లేదా రోగి అప్పటికే ఖాళీ చేసిన గదుల్లో అది 15.8 శాతమే. గదిలో మనుషులు పెరిగేకొద్దీ గాలి ఎలా మారుతుందో ఈ తేడా చూపిస్తుంది.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పార్కులో పక్కన నడిచిన అపరిచితుడి నుంచి సోకితే ఎవరి నుంచి వచ్చిందో తేల్చడం కష్టం. ఇంట్లో, ఆఫీసులో సోకితే తెలుసుకోవడం తేలిక. కాబట్టి ఆరుబయటి కేసులు కొంత తక్కువగా నమోదై ఉండవచ్చు. పైగా ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒమిక్రాన్ రాకముందువి. అయినా తేడా ఎంత పెద్దదంటే, ఈ లోపాలను లెక్కలోకి తీసుకున్నా దిశ మారదు.

పార్కు అంటే ఒక్క చోటు కాదు

పార్కులు తెరవాలా, మూయాలా అన్న చర్చ తరచుగా ‘అవును, కాదు’ దగ్గరే ఆగిపోతుంది. నిజానికి ఒక అమ్యూజ్‌మెంట్ పార్కులో ఐదారు రకాల ప్రమాద స్థాయిలు ఉంటాయి. పచ్చికలో దూరదూరంగా కూర్చున్న కుటుంబానికి ముప్పు చాలా తక్కువ. జెయింట్ వీల్‌పై గాలి ధారాళంగా ఆడుతుంది, సవారీ కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. కానీ ఆ సవారీ కోసం భుజాలు రాసుకుంటూ అరగంట నిలబడే క్యూ వేరు. టికెట్ కౌంటరు, దుస్తులు మార్చుకునే గది, మరుగుదొడ్డి, పైకప్పు ఉన్న ఫుడ్ కోర్టు, చీకటి గదిలో నడిచే రైడ్, వీటిలో ఒక్కోదాని ప్రమాదం ఒక్కోలా ఉంటుంది. వాటర్ పార్కులో సరిగా క్లోరిన్ కలిపిన నీటి కంటే, దుస్తులు మార్చుకునే ఇరుకు గది గురించే ఎక్కువ ఆలోచించాలి.

గొంతు పెంచడమూ లెక్కలోకి వస్తుంది. గొంతు పెరిగేకొద్దీ నోటి నుంచి వెలువడే సూక్ష్మ కణాల సంఖ్య పెరుగుతుందని 2019లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చిన అధ్యయనం చూపింది. జపాన్‌లోని పార్కులు 2020లో తెరుచుకున్నప్పుడు రోలర్ కోస్టర్ ఎక్కినవారిని అరవవద్దని కోరాయి. అరుపును మనసులోనే దాచుకోమంటూ ఫుజీ-క్యూ హైలాండ్ పార్కు విడుదల చేసిన వీడియో ప్రపంచమంతా నవ్వు తెప్పించింది. దాని వెనకున్న తర్కం మాత్రం సరైనదే.

జూ సంగతి ఇంకాస్త భిన్నం. అక్కడ కాపాడాల్సింది సందర్శకులను మాత్రమే కాదు. 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో 8 ఆసియా సింహాలకు వైరస్ సోకినట్టు సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. పెద్దపిల్లులకు మనుషుల నుంచి ఈ వైరస్ సోకుతుందని తెలిశాక, ఉద్యానానికి వర్తించని కారణంతో జూను మూయడం అర్థం చేసుకోదగినదే.

మూసివేత వాదనలో బలం

జార్ఖండ్ నిర్ణయానికి కారణాలు లేకపోలేదు. ఒమిక్రాన్ అంతకుముందు వేరియంట్ల కంటే చాలా వేగంగా వ్యాపించింది. దేశంలో 15 నుంచి 18 ఏళ్ల వారికి టీకాలు మొదలైంది సరిగ్గా ఆ జనవరి 3నే. అంతకంటే చిన్న పిల్లలకు అప్పటికి టీకానే లేదు, పార్కులకు ఎక్కువగా వచ్చేది వాళ్లే. పైగా జనవరి జంషెడ్‌పూర్‌లో పిక్నిక్‌ల కాలం. జూబ్లీ పార్కుకు, డిమ్నా చెరువుకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం కిక్కిరిసిన ఆటోల్లో, బస్సుల్లో వస్తారు. పార్కులో సోకకపోయినా ఆ ప్రయాణంలో సోకవచ్చు. ‘పార్కు మూసేశాం’ అన్న ఆదేశాన్ని అమలు చేయడం తేలిక. ‘పార్కులో ఎడంగా ఉండండి’ అన్నదాన్ని అమలు చేయాలంటే ప్రతి మలుపులో ఒక మనిషి కావాలి.

అయితే ఇదే తర్కం మాల్‌కు, సినిమా హాలుకు కూడా వర్తిస్తుంది. అక్కడికీ జనం ఆటోల్లోనే వెళ్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆరుబయట మూసి, గదిని తెరిచి ఉంచితే, ఇంటి నుంచి బయటికి రావాలనుకున్న మనిషికి మిగిలే దారి గదే. సగం సీట్ల నిబంధన మంచిదే, కానీ గాలి కదలని హాల్లో రెండున్నర గంటలు కూర్చున్నవారికి అది ఇచ్చే రక్షణ పరిమితం.

బ్రిటన్ 2021లో ఆంక్షలు సడలించినప్పుడు వరుస తిరగేసింది. ఇంగ్లండ్‌లో ఆరుబయటి థీమ్ పార్కులు, జూలు ఏప్రిల్ 12న తెరుచుకున్నాయి. రెస్టారెంట్ల లోపల కూర్చుని తినడానికి మే 17 వరకు ఆగాల్సి వచ్చింది. అమెరికాలో అలాంటి ఏకాభిప్రాయం కనిపించలేదు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ 2020 జూలై 11న తెరుచుకుంటే, ఆ మర్నాడే ఆ రాష్ట్రం ఒక్కరోజులో 15,299 కేసులు ప్రకటించింది. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ 2021 ఏప్రిల్ 30 వరకు, ఏడాదికి పైగా మూతపడే ఉంది. ఒకే కంపెనీ, ఒకే వైరస్, రెండు రాష్ట్రాల్లో రెండు నిర్ణయాలు.

తాళానికీ ఖర్చుంటుంది

మూసివేత ఖర్చు లేని జాగ్రత్తగా కనిపిస్తుంది కానీ దాని బరువు అందరిపై సమానంగా పడదు. పెరడు, డాబా ఉన్న ఇంట్లో పార్కు మూతపడితే పెద్ద తేడా తెలియదు. బస్తీలో ఒకే గదిలో ఐదారుగురు ఉండే కుటుంబానికి స్వచ్ఛమైన గాలి దొరికే చోటు పార్కే. రోజూ నడవాల్సిన మధుమేహ రోగులు, బడి కూడా మూతపడి ఇంట్లోనే ఉన్న పిల్లలు, గేటు దగ్గర వేరుశనగలు, బెలూన్లు అమ్ముకునేవారు, రోజుకూలీపై పనిచేసే పార్కు సిబ్బంది ఈ భారం మోస్తారు.

తాళానికీ, పూర్తి స్వేచ్ఛకూ మధ్య చేయగలిగింది చాలా ఉంది. ఉద్యానం గేట్లు ఎక్కువ గంటలు తెరిస్తే జనం ఒకే సమయంలో గుమిగూడరు. టికెట్లకు సమయాలు కేటాయిస్తే క్యూలు తగ్గుతాయి. పైకప్పు ఉన్న రైడ్లు, ఫుడ్ కోర్టులు ఆపి, బహిరంగ సవారీలను కొనసాగించవచ్చు. కేంద్ర హోంశాఖ 2020 అక్టోబర్ 15 నుంచి వినోద పార్కులకు అనుమతి ఇచ్చినప్పుడు ఆరోగ్య శాఖ విడుదల చేసిన మార్గదర్శకాల్లో దూరం, మాస్కు, నీటిని వడకట్టి క్లోరిన్ కలపడం వంటివి ఉన్నాయి. మూసిన గదుల విషయంలో సీట్ల సంఖ్యతో పాటు గాలి నాణ్యతనూ కొలవవచ్చు. మనుషుల ఊపిరితో గదిలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్‌ను చిన్న మీటరు చూపిస్తుంది. ఆరుబయట అది పది లక్షల వంతుల్లో సుమారు 420. గదిలో 1,000 దాటిందంటే అక్కడివారు ఒకరు వదిలిన గాలిని మరొకరు పీలుస్తున్నారని అర్థం. ఆ హాలును తెరిచి ఉంచాలా వద్దా అన్నది అప్పుడు ఊహతో కాక అంకెతో తేల్చవచ్చు.

2022 జనవరి నాటికి వైరస్ గాలిలో ఎలా వ్యాపిస్తుందో ప్రపంచానికి తెలుసు. మన దేశ శాస్త్రవేత్తలే దాన్ని కొలిచారు, మన ప్రభుత్వ సలహాదారు కార్యాలయమే దాన్ని సరళమైన మాటల్లో చెప్పింది. ఆ జ్ఞానం జిల్లా స్థాయి ఆదేశాల దాకా చేరడమే మిగిలిన పని. మరో శ్వాసకోశ వైరస్ వచ్చినప్పుడు ఆంక్షల జాబితా రాసేవారు స్థలం పేరు పక్కన మూడు ప్రశ్నలు రాసుకుంటే చాలు. అక్కడ గాలి ఆడుతుందా? ఎంతమంది, ఎంత దగ్గరగా ఉంటారు? ఎంతసేపు ఉంటారు? ఆ జవాబులను బట్టి చూస్తే జూబ్లీ పార్కులోని పచ్చిక మూయాల్సిన వాటిలో చిట్టచివర, తెరవాల్సిన వాటిలో అన్నింటికంటే ముందు ఉంటుంది.