చనుమొననుండి స్రావము: దాచవలసిన జబ్బు కాదు

స్నానమునకు పోవు వేళ రవికపై ఒక చిన్న మరక కనబడును. నీరువలె నుండవచ్చును, నెత్తురువలె ఎఱ్ఱగా నుండవచ్చును. నొప్పి లేదు, గడ్డ తగులదు. ఇల్లాలు ఆ రవికను తానే ఉదికి ఆరవేసి, ఎవరితోను చెప్పక, ఇది కాన్సరేమోయని లోలోపల క్రుంగిపోవుచుండును. అట్టి సోదరీమణులకొరకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక్కొక్క స్తనమునందు సుమారు 15 మొదలు 20 వరకు పాలు తయారగు భాగములుండును. ఆ పాలు సన్నని నాళములగుండ చనుమొనను చేరును. ఒక్కొక్కప్పుడు ఒక నాళము లోపలిగోడపై పులిపిరివంటి చిన్న కండ పెరుగును. దీనిని వైద్యులు పాపిలోమా యందురు. ఒక ప్రక్కనే, ఒక రంధ్రమునుండియే, తనంతట తాను స్రావము కలుగుటకు తఱచుగా నిదియే కారణము. నడివయసు స్త్రీలలో కొందఱకు నాళములు వెడల్పై, లోని ద్రవము చిక్కబడి ఆకుపచ్చగా కారును. ఈ రెండును కాన్సరు కావు. అయినను కొలదిమందియందు అట్టి మరక వెనుకనే కాన్సరు దాగియుండును గనుక, ఏదియో తేల్చవలసినది పరీక్షయే గాని మన యూహ కాదు.

మొదట వైద్యురాలు చేతితో పరీక్షించి, మామోగ్రాము, అల్ట్రాసౌండు తీయించును. మిక్కిలి చిన్న కండ వీనిలో కనబడకపోవచ్చును. అప్పుడు ఆ నాళమునో, చనుమొన వెనుకనున్న నాళములన్నిటినో కోసి తీయుట వాడుక. అన్నియు తీసినచో ఆ స్తనమునుండి బిడ్డకు పాలియ్య వీలుకాదు. ఇంకను బిడ్డలు కావలసిన చిన్నదానికి ఇది తక్కువ నష్టము కాదు.

ఇందులకొక మార్గము డక్టోస్కోపీ. సన్నని గాజుపోగుల దర్శినితో పాలనాళమును లోపలినుండి చూచు విధమును జపాను వైద్యులు 1991లో ప్రకటించిరి. ఆ గొట్టము వెడల్పు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. చనుమొనవద్ద మాత్రము మత్తుసూది వేసి, స్రవించు రంధ్రమును సన్నని కడ్డీలతో మెల్లగా వెడల్పు చేసి, ఉప్పునీటితో నాళమును విప్పార్చి, గొట్టమును లోనికి పంపుదురు. లోపలి గోడలు తెరపై కనబడును. నెదర్లాండ్సులోని యుట్రెక్టు వైద్యులు ఇట్లే చిన్న బుట్టవంటి పనిముట్టుతో పాపిలోమాను పట్టి, కోత లేకయే వెలికి తీయుచు వచ్చిరి.

దీనికిని హద్దులు కలవు. నాళముల సన్నని కొనలకు గొట్టము పోజాలదు; పెద్ద కండను తీయలేదు. తీసిన కండను సూక్ష్మదర్శినిక్రింద చూడనిదే నిశ్చయము లేదు. తక్కిన పరీక్షలలో అనుమానము తోచినచో శస్త్రచికిత్సయే తగినది. ఈ సాధనము అన్ని ఆసుపత్రులలోను ఉండదు.

కావున మరక కనబడినప్పుడు చనుమొనను మాటిమాటికి నొక్కి చూడరాదు. ఏ ప్రక్క, ఎన్ని రంధ్రములనుండి, ఏ రంగు, తానుగా వచ్చినదా, నొక్కినప్పుడా యను సంగతులను గుర్తుంచుకొని వైద్యురాలికి చెప్పవలెను. వాడుచున్న మందులనుగూడ తెలుపవలెను. కొన్ని మందులవలన పాలవంటి ద్రవము వచ్చుట కలదు. గడ్డ తగిలినను, చర్మము గుంటపడినను ఒక్కదినమైన ఆలసింపరాదు. ఇంటిలోని తల్లులును అత్తగార్లును ఈ మాట విన్నప్పుడు చిన్నవారిని మందలింపక, వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోవలెనని మా మనవి.