అప్పిచ్చినవాడే అప్పుపడ్డాడు

యుద్ధాలు దేశపటంలోని గీతలనే కాదు, జమాఖర్చుల పుస్తకాలను కూడా తారుమారు చేస్తాయి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు మన దేశం ఇంగ్లండుకు బాకీదారు. రైలు మార్గాలకూ, ఇతర పనులకూ లండన్‌లో తెచ్చిన అప్పులకు ఏటేటా వడ్డీ కట్టేది. ఆరేళ్ల యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండే మనకు బాకీపడింది!

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను ఒక్క మాటైనా అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ, ఒరిస్సాలో విశ్వనాథ దాస్, బొంబాయిలో ఖేర్ గద్దె దిగారు.

ఆ ఏడాదే ఖర్చుల పంపకంపై ఒక ఒప్పందం కుదిరింది. దేశ రక్షణకయ్యే ఖర్చు మనది. విదేశాల్లో పోరాడే మన సైన్యం ఖర్చులో అధికభాగం, బ్రిటన్ ఇక్కడ కొన్న సరుకుల ధర బ్రిటన్‌ది. కానీ సొమ్ము చేతికి రాలేదు. లండన్‌లో మన రిజర్వు బ్యాంకు పేర జమ రాసుకున్నారు. ఆ జమను చూపి ఇక్కడ నోట్లు అచ్చువేశారు. నోట్లు పెరిగాయి, సరుకులు సైన్యానికి తరలిపోయాయి. ధరలు మండిపోయాయి.

1942లో బర్మా జపాను వశమై, అక్కడినుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. రంగూన్‌లో రెక్కలు ముక్కలు చేసుకున్న తెలుగు కూలీలెందరో అడవిదారుల్లో నడిచి వచ్చారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. ఏలినవారు మనల్ని కాపాడగలరన్న నమ్మకం సడలింది. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షలమంది చనిపోయారని అంచనా. లండన్ పద్దుల్లోని ఆ జమ ఇక్కడి పేదలు పస్తులుండి కూడబెట్టిన సొమ్మే.

యుద్ధాంతానికి ఆ జమ దాదాపు 130 కోట్ల పౌండ్లు, అంటే 1,700 కోట్ల రూపాయలకు పైమాటే. పాత అప్పు చాలావరకు యుద్ధకాలంలోనే తీరిపోయింది. భారతదేశాన్ని కాపాడినందుకు ఎదురు లెక్క వేసి బాకీ తగ్గించాలని చర్చిల్ పట్టుబట్టాడు. అది సాగలేదు. అయితే ఇవ్వడానికి బ్రిటన్ దగ్గర డబ్బు లేదు. 1947 ఆగస్టు ఒప్పందంలో కొద్ది మొత్తమే విడుదల చేసి, మిగతాది బిగబట్టింది. తరువాత ఇక్కడ వదిలిన సైనిక సామగ్రికీ, ఆంగ్లేయ ఉద్యోగుల పింఛన్లకూ అందులోనే కోత పడింది. మిగిలినది తిండిగింజల దిగుమతికీ, పంచవర్ష ప్రణాళికల యంత్రాలకూ కరిగిపోయింది.

యుద్ధం మనకు స్వాతంత్ర్యం ఇవ్వలేదు. అది దశాబ్దాల ఉద్యమ ఫలం. కానీ అప్పు వసూలు కోసమైనా ఈ దేశంపై పట్టు నిలుపుకోవాలన్న వాదనకు ఇక బలం లేకపోయింది. యుద్ధంలో 25 లక్షలకు పెరిగిన సైన్యం కూడా పాత విధేయతతో ఉంటుందన్న ధీమా, 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికుల తిరుగుబాటుతో పోయింది.

లెక్కల పుస్తకాలు జమలను గుర్తుపెట్టుకుంటాయి, పస్తులను కాదు. బర్మా నడక గురించీ, రేషను బియ్యం గురించీ పెద్దలు చెప్పిన మాటలు మీ ఇంట మిగిలి ఉంటే, పిల్లలచేత రాయించి దాచండి.