వేసవి శిబిరానికి వెళుతున్నారా?

రాత్రి పదకొండు గంటలయింది. పెద్ద హాలు. వరుసగా పరచిన నలభై చాపలు, నలభై దిండ్లు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. పక్కన పడుకున్న అబ్బాయి పేరు మీకింకా సరిగా గుర్తులేదు. అటు తిరిగి పడుకుంటారు, ఇటు తిరిగి పడుకుంటారు. నిద్ర రాదు. ఈపాటికి ఇంట్లో అమ్మ వంటిల్లు సర్ది తలుపు గడియ వేసి ఉంటుందని గుర్తుకొస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడినట్లవుతుంది. ‘ఎందుకొచ్చానురా భగవంతుడా!’ అనుకుంటారు.

జీవన నైపుణ్యాల వేసవి శిబిరంలో మొదటి రాత్రి ఇలాగే ఉంటుంది. ముందే చెబుతున్నాను. శిబిరాల కరపత్రాలలో ఆటలు, పాటలు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు ఉంటాయి గాని ఈ చాప సంగతి ఉండదు. నేను చాలా ఏళ్ళుగా హైస్కూలులో సైన్సు చెబుతున్నాను. సెలవులలో పిల్లలను ఇలాంటి శిబిరాలకు తీసుకువెళ్ళి, మగపిల్లల హాలులో ఓ మూల నేనూ చాప వేసుకుని పడుకున్నవాణ్ణి. (ఆడపిల్లలకు వేరే హాలు, తోడుగా టీచరమ్మగారు ఉంటారు.) కనుక కరపత్రంలో లేని నాలుగు మాటలు మీకు చెప్పగలననుకుంటున్నాను.

ముందు నిద్ర సంగతి చూద్దాం. కొత్తచోట నిద్ర పట్టకపోవడం మీ పిరికితనం కాదు. అది మీ మెదడు చేసే కాపలా! అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2016లో దీనిని గురించి ఒక చక్కని పరిశోధన ప్రచురించారు. కొత్త గదిలో కొందరిని పడుకోబెట్టి వారి మెదడు తరంగాలను నమోదు చేశారు. మొదటి రాత్రి కుడి అర్ధగోళం గాఢంగా నిద్రపోయింది. ఎడమ అర్ధగోళంలోని కొంత భాగం మాత్రం అంత గాఢంగా నిద్రపోలేదు. కుడిచెవి దగ్గర చిన్న శబ్దం చేస్తే నిద్రలో ఉన్నవారు తొందరగా మేలుకున్నారు. కుడిచెవే ఎందుకంటారా? కుడిచెవి వినే శబ్దం ప్రధానంగా ఎడమ అర్ధగోళానికి చేరుతుంది గనుక. కొన్నాళ్ళ తర్వాత వారే అదే గదిలో మళ్ళీ పడుకుంటే ఈ తేడా కనిపించలేదు. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతూ మిగతా సగంతో మేలుకుని ఉంటాయని మీరు చదివే ఉంటారు. మనలోనూ ఆ లక్షణం లేశమాత్రం మిగిలి ఉందన్నమాట. రెండో రాత్రికో మూడో రాత్రికో మీ మెదడు ‘ఫరవాలేదు, ఇక్కడ పులి లేదు’ అని తేల్చుకుంటుంది. అప్పుడు ఫ్యాను కిర్రుమన్నా, నేను గురక పెట్టినా మీకు వినబడదు.

ఇక ఇంటిమీద బెంగ. ఇది నిద్ర అంత సులభంగా తేలే విషయం కాదు. కొన్నేళ్ళ క్రిందట మా వెంట వచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మొదటి రాత్రే ఏడుస్తూ నా చాప దగ్గరకు వచ్చాడు. నాకు జాలివేసింది. వెంటనే వాళ్ళ నాన్నగారికి ఫోను చేసి ఇచ్చాను. తండ్రి గొంతు వినేసరికి వాడి ఏడుపు రెట్టింపయింది. తెల్లవారకముందే ఆయన మోటారు సైకిలు మీద వచ్చి కొడుకును తీసుకుపోయాడు. మంచిపని చేశాననుకున్నాను. బడులు తెరిచాక చూస్తే, మిగతా పిల్లలు శిబిరం కబుర్లు చెప్పుకుంటున్నప్పుడల్లా వాడు అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడు. నావైపు చూసేవాడు కాదు. నేను తొందరపడ్డానని నాకు అప్పుడు తెలిసింది.

అందుకని ఇప్పుడు ఫోను ఇచ్చే ముందు “రేపు సాయంత్రందాకా చూద్దాం నాన్నా” అంటున్నాను. పొద్దున్నే ఏదో ఒక పని అప్పగిస్తాను. మంచినీళ్ళ కూజాలు నింపడమో, గంట కొట్టడమో. బెంగ సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది. చేతికి పని ఉన్నప్పుడు తగ్గుతుంది, ఊరికే కూర్చుంటే పెరుగుతుంది. మీకు బెంగగా ఉంటే దాచుకోకండి. పక్కవాడితో అనండి. తొంభై పాళ్ళు వాడూ అదే అవస్థలో ఉంటాడు.

ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. జ్వరం వచ్చినా, ఎవరైనా మిమ్మల్ని కొట్టినా, భయపెట్టినా, మీకిష్టం లేకుండా ఒంటిమీద చేయి వేసినా అది బెంగ కాదు. ‘రేపటిదాకా’ అనే మాట దానికి వర్తించదు. ఆ క్షణమే మీకు నమ్మకమున్న పెద్దవాళ్ళకు చెప్పాలి. అలా చెప్పే వీలు లేకపోతే పిల్లల సహాయం కోసమే ఉన్న 1098 నంబరుకు ఫోను చేయాలి. ఆ నంబరు ఇప్పుడే కంఠతా పట్టండి.

పొద్దున అయిదున్నరకు లేపుతారు. స్నానానికి వరుస, ఉప్మాకు వరుస, కంచం కడగడానికి వరుస. మీ కంచం మీరే కడగాలి, మీ బట్టలు మీరే ఉతుక్కోవాలి. ఊడిన గుండీ కుట్టుకోవడం, గ్యాస్ పొయ్యి వెలిగించడం, గ్యాస్ వాసన వస్తే స్విచ్చుల జోలికి పోకుండా రెగ్యులేటరు కట్టి కిటికీలు తెరవడం, ఇవన్నీ నేర్పుతారు. మగపిల్లలు ఉల్లిపాయలు తరగడం చూడాలి మీరు! కూరకంటే కన్నీళ్ళు ఎక్కువ.

వీటన్నిటినీ ‘జీవన నైపుణ్యాలు’ అంటారా అని మీకు అనుమానం రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలినాళ్ళలో పది ముఖ్య నైపుణ్యాలను పేర్కొంది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, విన్నదాన్ని పరీక్షించి చూడడం, ఎదుటివాని బాధ అర్థం చేసుకోవడం, కోపాన్నీ దుఃఖాన్నీ సంబాళించుకోవడం, ఇలాంటివి అందులో ఉన్నాయి. గుండీ కుట్టడం ఆ జాబితాలో లేదు. అయినా, ఒకే సూదిని నలుగురు అడిగినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే జాబితాలో సగం అక్కడే కనిపిస్తుంది.

శిబిరంలో మిమ్మల్ని జట్లుగా విడదీస్తారు. రెండో రోజుకల్లా ‘మా జట్టు, మీ జట్టు’ మొదలవుతుంది. దీనిమీద ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. 1954 వేసవిలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, రాబర్స్ కేవ్ అనే చోట ఒక శిబిరం నడిపాడు. ఇరవై రెండు మంది అబ్బాయిలు, వయస్సు పదకొండేళ్ళ ప్రాంతం. వారిని రెండు జట్లు చేసి మొదట విడివిడిగా ఉంచాడు. ఒక జట్టు తనకు తాను ‘ర్యాట్లర్స్’ అని, రెండోది ‘ఈగిల్స్’ అని పేర్లు పెట్టుకున్నాయి. తర్వాత వారిమధ్య బహుమతుల పోటీలు పెట్టాడు. అంతే! తిట్లు, జెండాలు తగలబెట్టడం, రాత్రిపూట ఒకరి గదులమీద మరొకరు దాడి! పోటీకి ముందు వారిమధ్య ఏ పగా లేదు సుమా.

తర్వాతది ఇంకా ఆసక్తికరం. సంధి కుదురుతుందని రెండు జట్లను కలిపి భోజనానికి కూర్చోబెడితే, పిల్లలు అన్నం ఒకరిమీద ఒకరు విసురుకున్నారు. అప్పుడు శిబిరానికి నీళ్ళు రాకుండా చేశారు. లోపం వెతకడానికి అందరూ కలవాల్సి వచ్చింది. ఇంకోసారి ఆహారం తేవలసిన లారీ ‘కదలలేదు’. పిల్లలందరూ ఒక తాడు కట్టి లాగారు. ఏ తాడో తెలుసా? అంతకుముందు రెండు జట్లూ ఒకరికొకరు ఎదురుగా నిలబడి తాడుపందెంలో లాగిన తాడే! ఇలాంటివి కొన్ని జరిగాక పగ క్రమంగా తగ్గింది. పిల్లలకు చెప్పకుండా వారిమీద ఇలా ప్రయోగం చేయడం నాకు నచ్చలేదు. ఈనాటి నియమాల ప్రకారం అది తప్పు కూడా. కాని దానివల్ల తెలిసినదాన్ని నేను వాడుకుంటున్నాను. రెండు జట్లు కొట్టుకుంటే ఉపన్యాసం ఇవ్వను. వంటశాలలోని పెద్ద గంగాళం కడిగి రమ్మని ఇద్దరినీ కలిపి పంపుతాను.

ఇప్పుడు శిబిరంలో మీరు తప్పక నేర్చుకు రావలసిన విషయం చెబుతాను. మిగతావన్నీ మరచిపోయినా ఇది మరవకండి. ఏటా వేసవిలో బావుల్లో, కాలువల్లో, క్వారీ గుంటల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చూస్తూనే ఉంటాం. ఒకడు మునిగితే వాణ్ణి కాపాడబోయి ఇంకొకడు, వాడికోసం మూడోవాడు. మా ఊరి చెరువులోనూ ఇలాగే జరిగింది. పోయిన ఇద్దరిలో రెండోవాడు నా విద్యార్థి. వాడికి ఈత వచ్చు. ఎలా పోయాడు?

మునిగేవాడు సినిమాల్లోలాగా చేతులూపి కేకలు వేయడు. శ్వాస తీసుకోవడానికే సమయం చాలనప్పుడు కేక ఎలా వస్తుంది? చాలాసార్లు నిశ్శబ్దంగానే మునిగిపోతాడు. దగ్గరకు ఎవరైనా వస్తే, ఊపిరికోసం వారి భుజాలు పట్టుకుని పైకి ఎగబాకుతాడు. న్యూటన్ మూడో నియమం! వాడు పైకి వెళ్ళిన కొద్దీ కాపాడవచ్చినవాడు కిందికి పోతాడు. అందుకే నీళ్ళలోకి దూకవద్దు. కేక వేసి పెద్దలను పిలవండి. ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, తువ్వాలో, చీరో అందించండి. దూరంగా ఉంటే తేలే వస్తువు ఏదైనా విసరండి.

తేలే వస్తువు ఎంత పెద్దది కావాలి? ఆర్కిమిడీసును అడుగుదాం. మన శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతతో సమానం. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే శరీరం కొద్దిగా తేలుతుంది కూడా. కాని నోరు, ముక్కు నీటిపైన ఉండాలంటే తలను పైకెత్తి ఉంచాలి. తల బరువు సుమారు నాలుగైదు కిలోలు. అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాను మూత బిగించి నీళ్ళలో వేస్తే, అది పూర్తిగా మునిగినప్పుడు అయిదు లీటర్ల నీటిని తొలగిస్తుంది. అంటే డబ్బా బరువు పోను దాదాపు అయిదు కిలోల బరువును మోయగలదు. ఒక మనిషి తలను నీటిపైన నిలపడానికి వంటింట్లోని డబ్బా చాలునన్నమాట! పిడికి తాడు కట్టి, దూరంగా పడడానికి లోపల కొంచెం నీళ్ళు పోసి విసరండి. శిబిరంలో మేము గ్రౌండులో గిరిగీసి, దానిలో నిలబడినవాడి దగ్గర డబ్బా పడేదాకా విసిరిస్తాం. మొదటిరోజు అందరి డబ్బాలూ చెట్టెక్కుతాయి. మూడోరోజుకు పడవలసిన చోట పడతాయి.

బయటికి తీసినవాణ్ణి భుజంమీద వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్ళలో చేస్తారు. చేయకూడదు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు నోటితో శ్వాస ఇస్తూ, రొమ్ము మధ్య రెండు చేతులతో నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే అయిదు సెంటీమీటర్ల లోతున. ముప్పై సార్లు నొక్కి రెండుసార్లు శ్వాస ఇవ్వాలి. చదివితే ఇది రాదు. శిక్షకుని ముందు బొమ్మమీద చేస్తేనే వస్తుంది. రెండు నిమిషాలు చేసేసరికి మీ చొక్కా తడిసిపోతుంది. మీ శిబిరంలో ఆ బొమ్మ లేకపోతే నిర్వాహకులను అడగండి, మొహమాటపడకండి.

ఎండలో ఆడతారు గనుక నీళ్ళు తాగడం మరవద్దు. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లం మొత్తాన్ని దానిమీద రాసినంత నీళ్ళలో ఒకేసారి కలపాలి. పొట్లం దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు సమమట్టపు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించారు. పేగులలో ఉప్పును లోపలికి లాగడానికి గ్లూకోజు తోడు కావాలి. చక్కెర రుచికోసం వేసేది కాదు.

సామాను సంగతి: దోమతెర, టార్చి, స్టీలు గ్లాసు, రెండు తువ్వాళ్ళు. దోమతెర అంచులు చాప కిందికి మడిచి పడుకోండి. నేలమీద పడుకున్నవారిని రాత్రిపూట కరిచే కట్లపాముకు కూడా అది అడ్డు. ఖరీదైన బూట్లు, పచ్చళ్ళ సీసాలు తేవద్దు. పచ్చడి మొదటి రోజే అయిపోతుంది. (నేనూ తింటాను.)

ఎనిమిదో తరగతిలో ఇంటికి వెళ్ళిపోయిన ఆ అబ్బాయి మరుసటి ఏడు మళ్ళీ పేరు ఇచ్చాడు. బస్సు దిగగానే నా దగ్గరకు వచ్చి, “సార్, నా చాప మీ పక్కన వేసుకోనా?” అన్నాడు.

“నేను గురక పెడతానురా.”

“తెలుసు సార్. పోయినేడు రాత్రంతా విన్నాను.”

మూడో రాత్రి టార్చి వేసి చూస్తే నా పక్క చాప లేదు. హాలు అవతలి చివర, తన జట్టు మధ్యలో ఉంది.