గేమ్ ఎక్కడికీ పోలేదు.. స్టీమ్‌కే కనిపించడం లేదు!

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్ ఉన్నవారికి లినక్స్ ఒక దారి. అయితే ఇంట్లో పిల్లలుంటే మొదటి పేచీ గేమ్స్ దగ్గరే వస్తుంది. రెండో హార్డ్‌డిస్క్‌లో 80 జీబీ గేమ్ కళ్లముందే ఉంటుంది. స్టీమ్ మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటుంది. కంగారుపడి డౌన్‌లోడ్ పెట్టేస్తే డేటా ప్యాక్ తెల్లారేసరికి ఖాళీ!

అసలు సంగతేంటంటే, సాఫ్ట్‌వేర్ స్టోర్ నుంచి వేసుకున్న స్టీమ్ చాలాసార్లు ఫ్లాట్‌ప్యాక్ రకం అయి ఉంటుంది. అది శాండ్‌బాక్స్‌లో నడుస్తుంది. అంటే కిరాయిదారుకు ఒక్క గది తాళమే ఇచ్చినట్టు. పక్క గదిలో ఏముందో అతనికి తెలీదు. స్టోర్‌లో స్టీమ్ పేజీ తెరిచి చూడండి, సోర్స్ దగ్గర 'ఫ్లాట్‌హబ్' అని ఉంటే ఇదే కేసు.

దీనికి ఫ్లాట్‌సీల్ అనే ఉచిత యాప్ ఉంది. అందులో స్టీమ్‌ను ఎంచుకుని, ఫైల్‌సిస్టమ్ విభాగంలో ఆ డిస్క్ పూర్తి పాత్ చేర్చాలి. మొత్తం సిస్టమ్‌కు అనుమతి ఇచ్చేయొద్దు, అప్పుడు శాండ్‌బాక్స్ ఉండీ లేనట్టే. తర్వాత స్టీమ్‌ను పూర్తిగా మూసి తెరిచి, సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో ఆ డ్రైవ్‌ను కలపాలి. పాత గేమ్స్ మళ్లీ కనిపిస్తాయి.

అప్పటికీ 'రాయడానికి వీల్లేదు' అంటోందా? అది విండోస్ నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అయ్యుండొచ్చు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగితే లినక్స్ ఆ డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరవొచ్చు. ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, విండోస్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. విండోస్ గేమ్స్‌ను నడిపే ప్రోటాన్‌కు అసలు ఈ ఫార్మాట్ అంతగా పడదు, ఈఎక్స్‌టీ4 మేలు. కానీ ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి, ముందు కాపీ తీసుకోవాలి.

ఎన్విడియా కార్డు ఉన్నవారికి ఇంకో తలనొప్పి. సిస్టమ్ డ్రైవర్ అప్‌డేట్ అయ్యి, ఫ్లాట్‌ప్యాక్‌లోని డ్రైవర్ లైబ్రరీ పాతదే ఉండిపోతే గేమ్ తెరుచుకోదు. ఫ్లాట్‌ప్యాక్‌నూ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఏం చేసినా 'డేటాతో సహా తొలగించు' మాత్రం నొక్కొద్దు. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే '.వార్' పేరుతో దాగి ఉన్న ఫోల్డర్ కనిపిస్తుంది. పిల్లలు నెలల తరబడి ఆడిన సేవ్‌లు అందులోనే ఉండొచ్చు. క్లౌడ్ సేవ్ అన్ని గేమ్స్‌కూ ఉండదు మరి.